లా ఫర్మ్‌ను ప్రైవేట్ లిమిటెడ్ చేయొచ్చా? ముగ్గురు అడ్వకేట్లు, ఒక సీఏ, పెట్టుబడి పెట్టే బావగారు

చార్మినార్ జూనియర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం ముగ్గురం తెలంగాణ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయిన అడ్వకేట్లం. ఇద్దరం హైకోర్టు, సిటీ సివిల్ కోర్టు చూస్తాం, మూడో ఆవిడది పూర్తిగా కాంట్రాక్టులు, ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ కేసుల ట్రిబ్యునల్) పని. ఇప్పుడున్నది రిజిస్టర్ చేసిన పార్ట్‌నర్‌షిప్. హైటెక్ సిటీ వైపు కంపెనీల పని ఎక్కువవుతోంది. వాళ్ల వెండర్ ఫారంలో సీఐఎన్ (కంపెనీ రిజిస్ట్రేషన్) నంబరు అడుగుతున్నారు, ప్రైవేట్ లిమిటెడ్ అయితే బిల్లు పాస్ చేయడం తేలికంటున్నారు. ఒక సీఏ గారు మాతో కలిసి పనిచేస్తానంటున్నారు, పది శాతం వాటా ఇవ్వాలట. ఆఫీసుకి, సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టడానికి మా పార్ట్‌నర్ బావగారు ముందుకొచ్చారు. ఆయన లాయర్ కాదు.

నాకు తెలియాల్సింది ఇది. కంపెనీ పెడితే లైసెన్స్ ఎవరిస్తారు, బార్ కౌన్సిలా, ఆర్ఓసీనా (కంపెనీల రిజిస్ట్రార్)? కంపెనీ కుదరకపోతే ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న పార్ట్‌నర్‌షిప్) కుదురుతుందా? సీఏ గారికి, బావగారికి వాటా ఇవ్వడానికి దారి ఉందా? సెక్షన్లతో చెబితే మేలు.

---

పాతబస్తీ ప్లీడర్

కంపెనీ కుదరదు. దానికి కారణం కంపెనీల చట్టంలో దొరకదు, 1961 అడ్వకేట్స్ చట్టంలో ఉంది. సెక్షన్ 29, 33 చదవండి. ప్రాక్టీస్ హక్కు అడ్వకేట్లకే. అడ్వకేట్ అవ్వాలంటే సెక్షన్ 24 ప్రకారం 21 ఏళ్లు నిండాలి, లా డిగ్రీ ఉండాలి. ఇవి మనిషికుండేవి, కంపెనీకుండేవి కావు. మీరడిగిన లైసెన్స్ మన దేశంలో ఫర్మ్‌కి ఎవరూ ఇవ్వరు. రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో ఉండేది మనుషుల పేర్లే. సెక్షన్ 35 కింద ఫిర్యాదు వచ్చినా నోటీసు వెళ్లేది అడ్వకేట్‌కే. మందలించడం, సస్పెండ్ చేయడం, రోల్ నుంచి తీసేయడం, ఏ శిక్షైనా మనిషికే. మీ ముగ్గురి సనద్‌లే (ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్లే) మీ ఫర్మ్ లైసెన్సు, ఈ సంగతి పట్టుకుంటే మిగతా ప్రశ్నలకి జవాబు దానంతటదే వస్తుంది.

వకాలత్ (క్లయింట్ తరఫున వాదించే అధికార పత్రం) తీసి చూడండి. ఫర్మ్ పేరు పైన ఎంత పెద్దగా అచ్చువేసినా కోర్టు చూసేది కింద ఉన్న పేర్లు, ఎన్‌రోల్‌మెంట్ నంబర్లు, సంతకాలు. చాలా ఫర్మ్‌లలో పార్ట్‌నర్ బయటికి వెళ్లినప్పుడు డీడ్ మార్చి ఊరుకుంటారు. పాత కేసుల్లో ఆయన పేరు అలాగే మిగిలిపోతుంది, రెండేళ్లకి ఆయన మీదికి నోటీసు వస్తుంది. రిటైర్‌మెంట్ డీడ్‌తో పాటే కేసుల జాబితా తయారుచేసి, ప్రతి కేసులో నో అబ్జెక్షన్‌తో కొత్త వకాలత్ వేయాలి. సుప్రీంకోర్టులో మాత్రం అడ్వకేట్స్ ఆన్ రికార్డ్ (ఏఓఆర్, అక్కడ కేసు దాఖలు చేసే అర్హత ఉన్న అడ్వకేట్లు) పార్ట్‌నర్‌షిప్ పేరునే రిజిస్టర్ చేసుకునే వీలుంది. అక్కడా పార్ట్‌నర్లు అందరూ ఏఓఆర్‌లే అయి ఉండాలి.

ఇక బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు, ఆరో భాగం. రెండో అధ్యాయంలో 47వ నిబంధన ప్రకారం అడ్వకేట్ సొంతంగా వ్యాపారం చేయకూడదు. స్లీపింగ్ పార్ట్‌నర్‌గా ఉండొచ్చు, అదీ వృత్తి గౌరవానికి భంగం కలిగించని వ్యాపారంలోనే. 48వ నిబంధన ప్రకారం కంపెనీలో డైరెక్టర్‌గా, ఛైర్మన్‌గా ఉండొచ్చు కానీ ఎగ్జిక్యూటివ్ పని చేయకూడదు. మేనేజింగ్ డైరెక్టర్, సెక్రటరీ పదవులు అసలే వద్దు. మరి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టి రోజువారీ పని మీరే నడుపుతామంటే ఎలా పొసగుతుంది? కంపెనీయే నడపాలని గట్టిగా అనుకుంటే మూడో అధ్యాయం 5వ నిబంధన ప్రకారం అసలు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ జతచేసి, రిజిస్టర్డ్ పోస్టులో బార్ కౌన్సిల్‌కి తెలిపి ప్రాక్టీస్ ఆపాలి. లీగల్ టెక్ కంపెనీలు పెట్టేవాళ్లు చేయాల్సింది అదే.

"కోర్టుకి వెళ్లం, కంపెనీ పేరుతో డ్రాఫ్టింగ్, ఒపీనియన్లే చేస్తాం" అనే వాదన 2018 మార్చిలోనే మూతబడింది. ఏకే బాలాజీ కేసులో సుప్రీంకోర్టు నాన్ లిటిగేషన్ (కోర్టు బయటి న్యాయపని) కూడా ప్రాక్టీసేనని తేల్చింది. బీపీఓ, ఎల్‌పీఓల (బయటి సంస్థల పని, న్యాయపని చేసిపెట్టే కంపెనీల) విషయంలోనూ పేరు కాదు, సారం చూడాలంది. చేసే పని సారంలో న్యాయవృత్తి అయితే అడ్వకేట్స్ చట్టం వర్తిస్తుంది.

సీఏ గారి వాటాకి మూడో అధ్యాయం 2వ నిబంధన అడ్డు. అడ్వకేట్ కానివారితో పార్ట్‌నర్‌షిప్ గానీ, ఫీజు పంచుకునే మరే ఏర్పాటు గానీ ఉండకూడదు. సీఏల సంస్థ ఐసీఏఐ తన సభ్యులకి అడ్వకేట్లతో కలవడానికి అనుమతిచ్చింది నిజమే. అటు తలుపు తెరిచారు, ఇటు మన తలుపు మూసే ఉంది. ఆయన ఎన్‌సీఎల్‌టీలో కంపెనీల చట్టం సెక్షన్ 432 కింద తన హోదాలో తానే హాజరు కావచ్చు. క్లయింట్‌కి తన బిల్లు తానే వేసుకోవాలి. మీకు పని చేసిపెడితే గంటకింత, రిపోర్టుకింత అని ఇవ్వండి. మీ ఫీజులో శాతం మాత్రం ఇవ్వకండి. అది ఏ పేరు పెట్టినా ఫీజు పంచుకోవడమే.

వెండర్ ఫారం గొడవ చాలా చిన్నది. సీఐఎన్ కంపెనీలకే ఉంటుంది. ఆ గడిలో "వర్తించదు, అడ్వకేట్ల పార్ట్‌నర్‌షిప్" అని రాసి ఫర్మ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పాన్, ముగ్గురి ఎన్‌రోల్‌మెంట్ కాపీలు జతచేయండి. ఎల్‌ఎల్‌పీ అయితే దాని రిజిస్ట్రేషన్ నంబరు, ఎల్‌ఎల్‌పీఐఎన్ వేస్తారు. దానికోసం ఫర్మ్ రూపమే మార్చనక్కర్లేదు.

---

బండ్లగూడ ఫైలింగ్స్

ప్లీడర్ గారు కంపెనీ సంగతి చెప్పారు, నేను ఎల్‌ఎల్‌పీ వరకు చెప్తాను.

2008 ఎల్‌ఎల్‌పీ చట్టంలో వ్యాపారం అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోనే వృత్తి కూడా ఉంది, కాబట్టి ఎల్‌ఎల్‌పీ కుదురుతుంది. దేశంలో పెద్ద ఫర్మ్‌లు చాలావరకు ఇప్పుడు ఎల్‌ఎల్‌పీలే. అయితే ఎల్‌ఎల్‌పీ కూడా బాడీ కార్పొరేటే (పార్ట్‌నర్లకి వేరుగా చట్టం గుర్తించే సంస్థే). ప్రాక్టీస్ చేసేది ఎల్‌ఎల్‌పీ కాదు, అందులోని అడ్వకేట్లు. అందుకే అగ్రిమెంట్‌లో, ఫిలిప్ ఫారంలో (ఎల్‌ఎల్‌పీ రిజిస్ట్రేషన్ దరఖాస్తులో) ఉద్దేశం రాసేటప్పుడు "అడ్వకేట్స్ చట్టానికి, బార్ కౌన్సిల్ నిబంధనలకు లోబడి, ఎన్‌రోల్ అయిన పార్ట్‌నర్ల ద్వారా న్యాయసేవలు" అని రాయండి. "అన్ని రకాల లీగల్, టాక్స్, మేనేజ్‌మెంట్ కన్సల్టెన్సీ" అని రాస్తే రెండు చిక్కులు. ఒకటి, అడ్వకేట్ వ్యాపారం చేస్తున్నట్టు మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. రెండు, రెగ్యులేటర్ అనుమతి గురించిన గడి దగ్గర ప్రశ్నలు పెరుగుతాయి. పేరు, ఇన్‌కార్పొరేషన్ చూసేది ఇక్కడి ఆర్ఓసీ కాదు, మానేసర్‌లోని సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్. వాళ్లు రీసబ్మిషన్‌కి పంపితే 15 రోజుల్లో సరిచేసి పంపాలి. గడువు దాటితే ఫారం పోయినట్టే.

కనీసం ఇద్దరు పార్ట్‌నర్లు, ఇద్దరు డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్లు (చట్టం పాటింపుకి బాధ్యులు) కావాలి. వాళ్లలో ఒకరు ఇండియాలో ఉండేవారు కావాలి. ఆఫీసు అద్దెదైతే యజమాని ఎన్ఓసీ, రెండు నెలలు దాటని కరెంటు బిల్లు. బిల్లు మీద అడ్రసు, ఎన్ఓసీలో అడ్రసు ఒకటే ఉండాలి. హైదరాబాద్‌లో పాత ఇంటి నంబరుతో బిల్లు, కొత్త నంబరుతో అగ్రిమెంట్ ఉండటం మామూలు, ఎక్కువ ఫారాలు వెనక్కి వచ్చేది ఇక్కడే. రెండు నంబర్లూ ఒకే ఇంటివని ఎన్ఓసీలో ఒక వాక్యం రాయించండి.

రిజిస్టర్ అయిన 30 రోజుల్లో ఫారం 3తో అగ్రిమెంట్ దాఖలు చేయాలి. అగ్రిమెంట్ లేకపోతే ఎల్‌ఎల్‌పీ చట్టం మొదటి షెడ్యూల్ వర్తిస్తుంది. దాని ప్రకారం లాభాలు అందరికీ సమానం, పనిచేసినందుకు జీతం లేదు, మెజారిటీతో ఎవరినీ తీసేయలేరు. ముగ్గురిలో ఒకరు రెట్టింపు ఫీజు తెస్తున్న ఫర్మ్‌కి ఇది ఎలా ఉంటుందో ఆలోచించండి.

తర్వాత ఏటా ఫారం 11 మే 30లోపు, ఫారం 8 అక్టోబర్ 30లోపు. ఆదాయం సున్నా అయినా రెండూ వేయాల్సిందే, ఆలస్యమయ్యే కొద్దీ అదనపు ఫీజు పెరుగుతుంది. టర్నోవర్ 40 లక్షలు గానీ, పెట్టుబడి 25 లక్షలు గానీ దాటితే ఆడిట్. సెక్షన్ 21 ప్రకారం లెటర్‌హెడ్, ఇన్వాయిస్, అధికారిక ఉత్తరాల మీద పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు, పరిమిత బాధ్యతతో రిజిస్టర్ అయిందనే మాట ఉండాలి. లీగల్ నోటీసు పంపే లెటర్‌హెడ్ దగ్గర చాలామంది దీన్ని మరిచిపోతారు. ఎదుటి పక్షం మొదట పట్టుకునేది అదే.

ఎల్‌ఎల్‌పీ వల్ల నిజమైన లాభం ఒక్కటి. పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 25 కింద ఫర్మ్ బాకీకి, తప్పుకి ప్రతి పార్ట్‌నరూ సొంత ఆస్తితో సహా బాధ్యుడే. ఎల్‌ఎల్‌పీలో సెక్షన్ 27, 28 కింద పక్క పార్ట్‌నర్ ఇచ్చిన తప్పుడు ఒపీనియన్ మీ ఇంటిదాకా రాదు. మీరు స్వయంగా చేసిన తప్పుకి మాత్రం మీరే సొంతంగా బాధ్యులు, ఎల్‌ఎల్‌పీ ఆస్తులు కూడా బాధ్యతలోకి వస్తాయి. మోసం ఉంటే సెక్షన్ 30 కింద ఆ పరిమితి కూడా ఉండదు.

ఇరవై మంది దాటితే ఫర్మ్ చీల్చాలని ఇంకా ఎవరైనా చెబితే నమ్మకండి. అది 1956 కంపెనీల చట్టం నాటి మాట. ఇప్పుడు 2013 కంపెనీల చట్టం సెక్షన్ 464 పరిమితి నుంచి ప్రత్యేక చట్టాల కింద ఉన్న వృత్తుల వాళ్లకి మినహాయింపు ఉంది.

---

మలక్‌పేట సీఏ

పన్ను విషయంలో ఎల్‌ఎల్‌పీకి, మామూలు పార్ట్‌నర్‌షిప్‌కి రేటు ఒకటే. 30 శాతం, 4 శాతం సెస్, కోటి దాటితే 12 శాతం సర్‌చార్జి. పార్ట్‌నర్ చేతికొచ్చే లాభం మీద మళ్లీ పన్ను లేదు. కింద చెప్పే సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టంవి. 2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో వర్తించే 2025 చట్టంలో నంబర్లు వేరు, సరిచూసుకోండి.

మీరు ఎల్‌ఎల్‌పీ అయితే పోయేది సెక్షన్ 44ఏడీఏ. వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల లోపు ఉంటే, సగం ఆదాయంగా చూపించి లెక్కల పుస్తకాల బాధ తప్పించుకునే వీలు వ్యక్తులకి, పార్ట్‌నర్‌షిప్‌కి ఉంది. ఎల్‌ఎల్‌పీకి లేదు. అయితే 44ఏడీఏలో ఆ సగంలోంచి పార్ట్‌నర్ల జీతం మళ్లీ తగ్గించనివ్వరు. కాబట్టి రెండు విధాలా లెక్కవేసి చూడాలి.

జీతం తగ్గించే లెక్క సెక్షన్ 40(బి)ది. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి బుక్ ప్రాఫిట్‌లో (పార్ట్‌నర్ల జీతం తీయకముందు లాభంలో) మొదటి 6 లక్షల మీద 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది, మిగిలిన దాని మీద 60 శాతం. బుక్ ప్రాఫిట్ 30 లక్షలనుకోండి. 5.4 లక్షలు, 24 లక్షల మీద 14.4 లక్షలు, మొత్తం 19.8 లక్షలు జీతంగా తీసేయొచ్చు. మిగిలిన 10.2 లక్షల మీద ఫర్మ్ కట్టేది సెస్‌తో 3,18,240 రూపాయలు. ఈ జీతం డీడ్‌లో రాసి ఉండాలి, పనిచేసే పార్ట్‌నర్‌కే ఇవ్వాలి, డీడ్ తేదీకి ముందు కాలానికి చెల్లదు. మార్చి నెలాఖరున డీడ్ రాసి ఏడాది మొత్తానికీ జీతం వేసుకున్నవాళ్లకి అసెస్‌మెంట్‌లో అది ఎగిరిపోతుంది.

2025 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ 194టీ వచ్చింది. పార్ట్‌నర్‌కిచ్చే జీతం, వడ్డీ, కమిషన్, బోనస్ ఏడాదిలో 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. చేతికి డబ్బివ్వకుండా కేపిటల్ ఖాతాలో జమవేసినా కోయాల్సిందే. లాభంలో వాటా మీద మాత్రం లేదు. అందుకే నెలనెలా తీసుకునే డ్రాయింగ్స్ జీతమా, లాభం అడ్వాన్సా అనేది అప్పటికప్పుడు పుస్తకంలో స్పష్టంగా రాయండి.

జీఎస్టీలో అడ్వకేట్, అడ్వకేట్ల ఫర్మ్ వ్యాపార సంస్థలకి ఇచ్చే న్యాయసేవలకి పన్ను కట్టేది క్లయింట్, రివర్స్ చార్జ్ కింద. నోటిఫికేషన్ 13/2017లోనే ఎల్‌ఎల్‌పీని ఫర్మ్‌గా చూడాలని వివరణ ఉంది. కాబట్టి ఎల్‌ఎల్‌పీ అయినా మీ ఇన్వాయిస్‌లో పన్ను వేయనక్కర్లేదు. "రివర్స్ చార్జ్ వర్తిస్తుంది" అని ఉంటే చాలు. మీ సరఫరా అంతా ఇదే అయితే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కానీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన జీఎస్టీ సర్దుబాటు) రాదు. ఆఫీసు అద్దె మీద, సాఫ్ట్‌వేర్ మీద కట్టే 18 శాతం మీ ఖర్చులో కలిసిపోతుంది. బావగారి విషయం ఆలోచించేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

---

నాగోల్ డ్రాఫ్టర్

బయటి దేశాల్లో కంపెనీ రూపం ఎలా నడుస్తోందో చూస్తే, మనకి ఏం లేదో తెలుస్తుంది. ఇంగ్లండ్‌లో 2007 లీగల్ సర్వీసెస్ చట్టంతో లాయర్లు కానివారు కూడా వాటా తీసుకునే ఫర్మ్‌లకి దారి తెరిచారు. సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ 2012 నుంచి అలాంటి లైసెన్సులిస్తోంది. అక్కడ లైసెన్స్ ఫర్మ్‌కే. నియమాలు పాటించడానికి బాధ్యుడైన ఆఫీసర్ ఒకరు, డబ్బు లెక్కలకి బాధ్యుడైన ఆఫీసర్ ఒకరు ఉండాలి. పది శాతం, ఆపైన వాటా ఉన్న లాయర్ కాని యజమానికి ముందే ఆమోదం కావాలి. బాధ్యత పరిమితమైన ఫర్మ్‌కి ఒక్కో క్లెయిమ్‌కి కనీసం 30 లక్షల పౌండ్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి, మిగతా ఫర్మ్‌లకి 20 లక్షల పౌండ్లు. పరిమిత బాధ్యత ఇచ్చినందుకు క్లయింట్ రక్షణ పెంచారన్నమాట. ఆస్ట్రేలియాలో 2007లోనే ఒక లా ఫర్మ్ షేర్ మార్కెట్‌లో లిస్ట్ అయింది.

మన దగ్గర ఎల్‌ఎల్‌పీతో బాధ్యత పరిమితం చేసుకోవచ్చు కానీ ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (వృత్తిపరమైన తప్పు వల్ల వచ్చే క్లెయిమ్‌లకి ఇన్సూరెన్స్) తప్పనిసరి కాదు. 2024 మేలో సుప్రీంకోర్టు అడ్వకేట్ సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని చెప్పాక చాలామంది ఇక ఇన్సూరెన్స్ ఎందుకన్నారు. అది తప్పు ఆలోచన. సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా ఇంకా ఉంది. కంపెనీల పని చేస్తే పాలసీ తీసుకోండి. ఈ పాలసీలు క్లెయిమ్ వచ్చిన తేదీ మీద నడుస్తాయి, పని చేసిన తేదీ మీద కాదు. అందుకే ఫర్మ్ ఎల్‌ఎల్‌పీ అయినప్పుడు కొత్త పాలసీ కొనకుండా, పాత దాన్నే రెట్రోయాక్టివ్ తేదీ (ఏ తేదీ నుంచి చేసిన పనికి కవర్ ఉందో అది) మారకుండా ఎండార్స్‌మెంట్‌తో కొత్త పేరు మీదికి మార్పించండి. కొత్తది కొంటే వెనకటి ఏళ్ల పనికి కవర్ పోతుంది.

---

చార్మినార్ జూనియర్

అందరికీ చాలా థాంక్స్ సర్. ఎల్‌ఎల్‌పీకే మొగ్గుతున్నాం. ఇంకో రెండు సందేహాలు. ఉన్న పార్ట్‌నర్‌షిప్‌ని మార్చాలా, కొత్తది పెట్టాలా? బావగారు ఆఫీసు, స్టాఫ్, సాఫ్ట్‌వేర్ చూసే వేరే కంపెనీ పెట్టి, మా వసూళ్లలో 25 శాతం సర్వీస్ చార్జిగా తీసుకుంటే?

---

పాతబస్తీ ప్లీడర్

25 శాతం వద్దు తమ్ముడూ. వసూళ్లలో శాతం అంటే అదే ఫీజు పంపకం, 2వ నిబంధనే మళ్లీ. కంపెనీ ఆయనది కావచ్చు, అందులో మీరెవరూ మేనేజింగ్ డైరెక్టర్ కాకూడదు. చార్జీ ఖర్చుకి కట్టి ఉండాలి. చదరపు అడుగుకి ఇంత, క్లర్క్‌కి నెలకి ఇంత, సాఫ్ట్‌వేర్ లైసెన్సుకి ఇంత అని, దాని మీద ముందే తేల్చుకున్న మార్జిన్. మీకు పని ఉన్నా లేకున్నా అదే మొత్తం. ఆయన కంపెనీ జీఎస్టీలో రిజిస్టర్ అయితే ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ వేస్తుంది. మలక్‌పేట సీఏ గారు చెప్పినట్టు అది మీకు క్రెడిట్ రాదు. జీతాల మీద కూడా జీఎస్టీ పడుతుంది కాబట్టి స్టాఫ్‌ని మీ ఎల్‌ఎల్‌పీలోనే పెట్టుకోండి, స్థలం, పరికరాలు మాత్రం ఆయన దగ్గర తీసుకోండి. ఆ కంపెనీ మీ తరఫున ప్రకటనలు కూడా ఇవ్వకూడదు. అడ్వకేట్ ప్రకటనలు ఇవ్వకూడదనే 36వ నిబంధన మీ పేరు మీదే పడుతుంది. వెబ్‌సైట్‌లో ఆ నిబంధనకి 2008లో చేసిన సవరణ అనుమతించిన వివరాలే ఉండాలి, ఆఫీసు బోర్డు మీద ఫలానా కేసుల్లో నిపుణులం అని రాయకూడదు.

సూటిగా అప్పివ్వడం ఇంకా శుభ్రం. వడ్డీ రేటు స్థిరంగా రాసిన లోన్ అగ్రిమెంట్, వడ్డీ ఫీజుతో ముడిపడకుండా.

---

బండ్లగూడ ఫైలింగ్స్

మార్చడమే మంచిది, ఫారం 17తో. రెండో షెడ్యూల్ ప్రకారం ఫర్మ్ పార్ట్‌నర్లు అందరూ ఎల్‌ఎల్‌పీలో పార్ట్‌నర్లు కావాలి, బయటివారు ఒక్కరూ ఉండకూడదు. కొత్తవారిని చేర్చుకోవాలంటే మార్పిడి అయ్యాక చేర్చుకోండి. సీఏ చేత ధ్రువీకరించిన ఆస్తి అప్పుల పట్టిక, పార్ట్‌నర్ల అంగీకారం, అప్పులిచ్చినవారి అంగీకారం, చివరి ఐటీ రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ సిద్ధం చేసుకోండి. సర్టిఫికెట్ వచ్చిన 15 రోజుల్లో రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి ఫారం 14 ద్వారా తెలపాలి. 14 రోజుల్లోపు మొదలుపెట్టి 12 నెలలపాటు ప్రతి అధికారిక ఉత్తరంలో ఫలానా ఫర్మ్ ఎల్‌ఎల్‌పీగా మారిందని రాయాలి. మార్పిడికి ముందు బాకీలకి, తప్పులకి మీ ముగ్గురి సొంత బాధ్యత అలాగే ఉంటుంది, ఎల్‌ఎల్‌పీ అయింది కదా అని అది పోదు.

డీడ్‌లో ఇంకో క్లాజు. పార్ట్‌నర్ చనిపోతే వారసులకి లాభంలో వాటా ఇస్తూ పోతామని రాయకండి, వాళ్లు అడ్వకేట్లు కారు. ఎల్‌ఎల్‌పీ చట్టం సెక్షన్ 24 ప్రకారం పెట్టిన పెట్టుబడి, ఆ తేదీ వరకు కూడిన లాభంలో వాటా వాళ్లకి వస్తాయి. ఆ తేదీకి కోర్టులో నడుస్తున్న కేసుల ఫీజు ఎలా లెక్కగట్టాలి, ఎన్ని నెలల్లో చెల్లించాలి అనేది అంకెలతో రాయండి. పాత పార్ట్‌నర్‌షిప్‌గానే ఉండిపోతే ఈ క్లాజు మరీ ముఖ్యం. లెక్క తేల్చకుండా మిగతావాళ్లు పని సాగిస్తే పార్ట్‌నర్‌షిప్ చట్టం సెక్షన్ 37 కింద వారసులు లాభంలో వాటా గానీ 6 శాతం వడ్డీ గానీ కోరుకోవచ్చు. వాళ్లు వాటానే కోరుకున్న రోజున మీరు అటు ఆ చట్టానికీ ఇటు బార్ కౌన్సిల్ నిబంధనకీ మధ్య ఇరుక్కుంటారు.